నాన్న చేత కళ్లార్పించిన తమ్ముడికి

పేరు అడగడం కూడా మరిచిపోయాడట మా నాన్న, అందుకే ఇలా రాస్తున్నా తమ్ముడూ. పోయిన ఎండాకాలం మండలాఫీసు పక్కన చెట్టు కింద దిగాలుగా కూర్చున్న డెబ్బై రెండేళ్ల పెద్దాయన గుర్తున్నాడా, ఆయనే. రైతులకు కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ కింద వచ్చేది ఏడాదికి 6,000 రూపాయలు, అదీ నాలుగు నెలలకోసారి 2,000 చొప్పున. హైదరాబాద్‌లో నాకది లెక్కలోకి రాదు గానీ అక్కడ అవే ఆయన బీపీ మాత్రలు, యూరియా బస్తాలు, దుకాణంలో పాత బాకీ. ఈ-కేవైసీ, అంటే ఆధార్‌తో మనిషి ఆయనేనని తేల్చే పని, కాక రెండు విడతలు ఆగిపోయాయి. యాభై ఏళ్లు మేడి పట్టిన చేతులు కదా, వేలి గీతలన్నీ అరిగిపోయి మిషన్ మీద ఎన్నిసార్లు పెట్టినా పడలేదు. ఒకచోటైతే "వేలు కడుక్కుని రా తాతా" అన్నారట, ఈయన నిజంగానే బోరింగు దగ్గర సబ్బుతో తోముకుని వెళ్లాడు! నువ్వు నీ ఫోన్లోనే యాప్ వేసి, మొహం స్కాన్ చేసి, కళ్లార్పమని ఓపిగ్గా చెప్పి మూడోసారికి పని కానిచ్చావు. టీ తాగమన్నా తాగలేదట.

థాంక్స్ తమ్ముడూ, నేను చేయాల్సిన పని నువ్వు చేశావు. ఆగిన డబ్బులు కూడా పడ్డాయి. ఈసారి విత్తనాలకు నాన్న నాకు ఫోన్ చేయలేదు, "నా పైసలే" అని తెచ్చేసుకున్నాడు. ఆయనకు చదవడం రాదు, అయినా ఆ బ్యాంకు మెసేజ్‌ని మాత్రం ఎవర్నీ డిలీట్ చేయనివ్వట్లేదు.