వారంటీలో ఉన్న మిక్సీ గురించి, మా ఫిర్యాదును మీరు మూసేసిన తీరు గురించి

కస్టమర్ సర్వీసు విభాగం ప్రధానాధికారి గారికి,

అయ్యా,

కడప వై.వి. స్ట్రీట్‌లోని ఒక దుకాణంలో మేము కొన్న మీ కంపెనీ మిక్సీకి రెండేళ్ల వారంటీ ఉంది. అందులో ఏడాది కూడా గడవకముందే, ఒకరోజు పొద్దున చెనిక్కాయల ఊరిబిండి వేస్తుండగా అడుగు నుంచి కాలిన వాసన వచ్చి అది ఆగిపోయింది. యంత్రమన్నాక ఎప్పుడో ఒకప్పుడు చెడిపోతుంది, ఆ మాత్రానికి ఇంత ఉత్తరం రాసేదాన్ని కాదు. చెడిపోయిందని చెప్పుకున్న తర్వాత మీ మనుషులు మమ్మల్ని తిప్పిన తీరు, మా మాటను లెక్కచేయని తీరు భరించలేక రాస్తున్నాను.

మీ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి తెలుగు కోసం నొక్కమన్న అంకె నొక్కితే, చాలాసేపు పాట వినిపించిన తర్వాత హిందీలో ఒకాయన పలికాడు. తెలుగు వచ్చినవారికి ఇవ్వమని అడిగితే లైను కట్ అయింది. మళ్లీ చేసి, నాకు వచ్చిన కొద్దిపాటి హిందీలోనే విషయం చెప్పుకున్నాను. 48 గంటల్లో టెక్నీషియన్ ఇంటికి వస్తాడన్నారు. ఆ గడువు దాటింది, వారం కూడా దాటింది, ఎవరూ రాలేదు.

ఆ తర్వాత ఒక అబ్బాయి ఫోన్ చేసి, మోటారు కాలినట్టుంది, పార్టుకు ఆర్డరు పెట్టాలి, మీ ఫోనుకు వచ్చిన ఓటీపీ చెబితేనే ఆర్డరు వెళ్తుందని నమ్మబలికాడు. ఓటీపీ చెప్పిన కాసేపటికే ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు’ అని మెసేజ్ వచ్చింది. మిక్సీని కళ్లతో చూసిన మనిషి లేడు, ఫిర్యాదు మాత్రం పరిష్కారమైపోయింది! ఇదేమిటని అడిగితే, కంప్యూటర్‌లో క్లోజ్ అయినట్టు చూపిస్తోంది కాబట్టి కొత్తగా నమోదు చేసుకోమన్నారు. కొత్తగా నమోదు చేసిన ప్రతిసారీ కథంతా మొదటి నుంచి చెప్పుకోవలసి వచ్చింది. ముందు మాట్లాడిన మనిషి ఏం చెప్పాడో తర్వాతి మనిషికి తెలియదు, తెలుసుకోవాలన్న ఆసక్తీ లేదు. సూపర్‌వైజర్‌తో మాట్లాడించమంటే, ఆయనే తిరిగి ఫోన్ చేస్తారని ప్రతి ఒక్కరూ అన్నారు, ఆయన ఒక్కసారైనా చేయలేదు.

మీ వెబ్‌సైట్‌లో ఉన్న సర్వీసు సెంటరు చిరునామా పట్టుకుని, మిక్సీని సంచిలో పెట్టుకుని మా ఆయనా నేనూ కడపలోని ఏడు రోడ్ల కూడలి దగ్గర సందులన్నీ ఎండలో తిరిగాము. ఆ చిరునామాలో ఒక టైలరింగు షాపు ఉంది. సెంటరు మూసేసి చాలా కాలమైందని, మాలాగే సంచులు పట్టుకుని మనుషులు వస్తూనే ఉంటారని చెప్పి, ఆ దర్జీ కుర్చీ వేసి మంచినీళ్లు ఇచ్చాడు. మీ సరుకుతో ఏ సంబంధమూ లేని ఆయన చూపిన మర్యాదలో సగమైనా మీ కంపెనీ నుంచి మాకు దక్కలేదు. ఈ సంగతి ఫోనులో చెబితే, అయితే తిరుపతి సెంటరుకు తీసుకెళ్లండి అన్నారు. నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరం మిక్సీ మోసుకుని వెళ్లడానికి బస్సు చార్జీ ఎవరిస్తారు, ఇంట్లో పెద్దావిడను ఎవరు చూస్తారు?

అన్నిటికంటే మనసు నొచ్చుకున్నది ఇంకో మాటకు. ఇంత తొందరగా మోటారు కాలిందంటే హోటల్‌కు వాడి ఉంటారు, అలాంటివాటికి వారంటీ వర్తించదు అని ఒకామె నాతో అన్నది. మా ఇంట్లో ఉండేది ఐదుగురం. దోసెల మీదికి ఎర్రకారం, సంగటిలోకి పచ్చడి, పళ్లు లేని మా అత్తగారికి మెత్తగా చేసిన కూర, ఇంతే మా మిక్సీ చేసిన పని. చూడకుండా, విచారించకుండా మాపై అబద్ధపు నింద వేయడానికి ఆమెకు ఎవరు అధికారం ఇచ్చారు?

మా వీధి చివర మిక్సీలు బాగుచేసే అతను వైండింగ్ కట్టిస్తానన్నాడు. కానీ బయటివాళ్లు విప్పితే వారంటీ పోతుందని మీ కార్డు మీదే అచ్చువేశారు. మీరు బాగుచేయరు, ఇంకొకరిని చేయనివ్వరు. ఈలోగా పక్కింటివారి రోట్లో రుబ్బుకుని ఉదయం పిల్లల క్యారియర్లు కట్టేసరికి చేతులు పడిపోతున్నాయి. అత్తగారి కూరను గరిటెతో మెదిపి, జల్లెడలో వేసి, పిప్పి తీసి పెడుతున్నాను.

నా పెళ్లికి మా అమ్మ పెట్టిన మిక్సీ మీ కంపెనీదే. అది ఏళ్ల తరబడి పనిచేసింది కాబట్టే, దుకాణంవాడు తక్కువ ధరకు వేరేవి చూపించినా వద్దని మళ్లీ మీదే కొన్నాము. మా ఆడపడుచుకూ అదే కొనిపించాను. ఆ నమ్మకానికి మీరిచ్చిన విలువ ఇది.

ఈ మిక్సీని ఇక బాగుచేయడం నాకు అక్కరలేదు. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లోగా కొత్తది మా ఇంటికి పంపాలి, లేదా బిల్లు మొత్తం తిరిగి చెల్లించాలి. మా సంతకం లేకుండా ఫిర్యాదు ఎలా మూసేశారో రాతపూర్వకంగా చెప్పాలి, హోటల్ మాట అన్నందుకు క్షమాపణ చెప్పాలి. లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేయించి, కడపలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం మేము నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు, వకీలు లేకుండా నేనే వాదించుకోవచ్చు, 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. అక్కడ మిక్సీ ధరతోపాటు సేవాలోపానికి, మా మనస్తాపానికి కూడా పరిహారం అడుగుతాను.

బిల్లు, వారంటీ కార్డు నకళ్లు, ‘పరిష్కరించబడింది’ అన్న మెసేజ్‌ల ఫోటోలు జతపరిచాను. దయచేసి దీనికి జవాబును తెలుగులో, బాధ్యత గల ఒక అధికారి పేరుతో, సంతకంతో పంపండి.

ఇట్లు,
మీ పాత కస్టమరు,
శంకరాపురం, కడప