ముందుగా ఒక క్షమాపణ

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెల పరీక్షల సంగతి తర్వాత చెబుతాను. పోయిన నెల ఎనిమిదో తరగతి తల్లిదండ్రులకు మా ఆఫీసు నుంచి వెళ్ళిన ఫీజు నోటీసులో అందరి ఈమెయిల్ అడ్రసులూ అందరికీ కనబడ్డాయి. ఒకరి అడ్రసు ఇంకొకరికి కనబడకుండా దాచే బీసీసీ గడిలో పెట్టాల్సినవి, అందరికీ కనబడే టూ గడిలో పెట్టేశాం. తప్పు మాదే. ఆ మెయిల్‌ను ఎవరైనా ఇంకొకరికి ఫార్వర్డ్ చేస్తే జాబితా మొత్తం దాని వెంటే పోతుంది. వారం తిరక్కుండా ఒక తండ్రి వచ్చి ఫోన్ చూపించారు. పేరైనా వినని కోచింగ్ సెంటర్ల నుంచి వరసగా మెయిళ్ళు! అవి మా వల్లే వచ్చాయని చెప్పలేను, కాదనీ అనలేను. ఇక నుంచి ప్రతి నోటీసూ బీసీసీలోనే వస్తుంది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ తరఫున పదిమందికీ మెయిల్ పెట్టేటప్పుడు మీరూ ఆ గడి వాడండి.

ఈ అడగని మెయిళ్ళ బెడద ఇవాళ్టిది కాదు. 1978 మే నెలలోనే అమెరికాలో ఒక కంప్యూటర్ కంపెనీ మార్కెటింగ్ ఉద్యోగి తమ యంత్రాల గురించి దాదాపు 400 మందికి ఒకేసారి మెయిల్ కొట్టాడు. తిట్లూ పడ్డాయి, అమ్మకాలూ జరిగాయి. ఆ రెండోదే మన కొంప ముంచింది.

వెబ్‌సైట్లను జల్లెడ పట్టి మెయిల్ అడ్రసులు ఏరుకునే ప్రోగ్రాములు ఉన్నాయి. అందుకే మా వెబ్‌సైట్‌లో టీచర్ల అడ్రసులు తీయించేశాను. అయితే మనం చేజేతులా ఇచ్చేవీ తక్కువేం కాదు. దీపావళికి టీ నగర్‌లో బట్టలు కొని బిల్లు కౌంటర్ దగ్గర నిలబడితే ఫోన్ నంబరు, మెయిల్ ఐడీ అడుగుతారు. వెనక క్యూ. గడగడా చెప్పేస్తాం. "వద్దు బాబూ, బిల్లు చాలు" అనొచ్చు. ఆ మాట నా నోటికి రావడానికి రెండు దీపావళులు పట్టింది.

మొహమాటపడేవాళ్ళకు ఇంకో దారి ఉంది. బ్యాంకుకు, స్కూలుకు ఒక అడ్రసు, దుకాణాలకూ లక్కీ డ్రా కూపన్లకూ వేరే అడ్రసు పెట్టుకోండి. జీమెయిల్ వాడేవాళ్ళు మీ పేరు తర్వాత, అట్ గుర్తుకు ముందు, ప్లస్ గుర్తు వేసి దుకాణం పేరు చేర్చి ఇవ్వొచ్చు. మెయిల్ మీ పెట్టెలోకే వస్తుంది. రేపు అదే అడ్రసుకు ఎవరో లోన్ ఇస్తామంటూ రాస్తే అది ఎక్కడి నుంచి జారిందో ఇట్టే తెలిసిపోతుంది. కొన్ని సైట్లు ప్లస్ గుర్తును ఒప్పుకోవు, అక్కడ రెండో అడ్రసే గతి.

తెలిసిన దుకాణం మెయిళ్ళు విసుగు పుట్టిస్తే అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కండి. ముక్కూ మొహం తెలియనివాళ్ళ మెయిల్లో మాత్రం అది నొక్కొద్దు. ఈ అడ్రసు వాడే మనిషి ఉన్నాడని మనమే కబురు పంపినట్టు అవుతుంది. రిపోర్ట్ స్పామ్ నొక్కి వదిలేయండి. లింకు నొక్కి డబ్బు పోగొట్టుకుంటే మాత్రం సిగ్గుపడుతూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

పిల్లల విషయం నాకు ఎక్కువ టెన్షన్. 13 ఏళ్ళు నిండకుండా సొంతంగా గూగుల్ ఖాతా తెరవకూడదు, కానీ పుట్టిన సంవత్సరం మార్చి తెరిచేస్తున్నారు. ఇంకొందరు పూర్తి పేరు, స్కూలు పేరు, పుట్టిన తేదీ కలిపి అడ్రసు పెట్టుకుంటున్నారు. ఒక్క అడ్రసులో జాతకమంతా! ఈ ఆదివారం పక్కన కూర్చుని, ఏ గేములకు ఏ అడ్రసు ఇచ్చారో ఒకసారి చూడండి. తిట్టకండి, తిడితే రేపటి నుంచి చెప్పరు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళ లోపు పిల్లల వివరాలు వాడుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. అందుకే ఈ లేఖతో ఒక ఫారం జత చేశాం. స్కూలు మీకు ఏ అడ్రసుకు రాయాలో, ఫోటోగ్రాఫర్‌కో బస్సు కాంట్రాక్టర్‌కో దాన్ని ఇవ్వొచ్చో లేదో అందులో రాయండి. "వద్దు" అని టిక్ పెడితే ఎందుకని ఎవరూ అడగరు. శనివారం లోపు క్లాస్ టీచర్‌కు అందేలా చూడండి.

పరీక్షల టైంటేబుల్ వెనక పేజీలో ఉంది.

ప్రధానోపాధ్యాయురాలు,
చెన్నై