మనవల జపనీస్ నేర్పి అవ్వల దగ్గరికి పంపారు, మంత్రి గారూ

నైపుణ్యాభివృద్ధి శాఖ మంత్రి గారికి నమస్కారం.

ఇది నాలుగో ఉత్తరం. మొదటి మూడింటికీ ‘మీ విజ్ఞప్తి సంబంధిత విభాగానికి పంపబడినది’ అనే జవాబే వచ్చింది. ఆ విభాగం ఏ ఊళ్లో ఉందో చెబితే సెలవు పెట్టి వెళ్లి కలుస్తాను.

మీ శాఖ క్లాసులో జపనీస్ నేర్చుకుని ఎన్4 (జపనీస్ భాషా పరీక్షలో ఒక స్థాయి) పాసయ్యాను, కేర్‌గివర్ పరీక్షా పాసయ్యాను. జపాన్‌లో తొహొకు ప్రాంతంలోని యమగతాలో, వృద్ధాశ్రమంలో పని. మొదటి వారంలోనే తొంభై దాటిన అవ్వ నన్ను పిలిచి ‘అసు ఇదె’ అంది. మాకు నేర్పిన ప్రకారం ‘అసు’ అంటే రేపు. ‘రేపు నాకు సెలవు, ఎల్లుండి వస్తాను’ అని నవ్వుతూ చెప్పి దుప్పటి కప్పాను. మోకాలు పట్టుకుని మళ్లీ అదే మాట అంది. సాయంత్రం చూడ్డానికొచ్చిన మనవరాలు చెప్పింది, అది ‘అషి ఇతాయ్’ అట. కాలు నొప్పి. పొద్దుట్నుంచీ!

ఇక్కడి పెద్దవాళ్ల నోట్లో షి, సు ఒకటే. చి, త్సు ఒకటే. మాట మధ్యలో క వస్తే గ, త వస్తే ద. ‘కకి’ అంటే పండు, ‘కగి’ అంటే తాళంచెవి అని బట్టీ పట్టాం కదా, అవ్వ అడిగే ‘కగి’ పండే. తాళంచెవైతే ముక్కులోంచి ‘కఙి’ అంటుంది. మన అక్షరమాలలో ఎవరికీ పట్టని ఙ ఇక్కడ పనికొచ్చింది, నమ్మండి.

మనవరాలు మాత్రం మా పుస్తకం ఆడియోలాగే మాట్లాడుతుంది. కోడలు అత్తతో ఒకలా, నాతో ఒకలా. బడి, రేడియో, టీవీ కలిసి యాసను తరం తరానికీ అరగదీశాయి. టోక్యోలో కూడా మాట మధ్య గ ను ముక్కుతో పలికేది పాతవాళ్లే, పిల్లలు పలకరు. మీ క్లాసులో మాకు నేర్పింది ఆ పిల్లల జపనీసే. పిల్లలకి మాతో పనేముందండీ?

టీవీ యాంకర్ తెలుగు నేర్చుకున్న పరదేశి పిల్లని శ్రీకాకుళం పల్లెలో ముసలమ్మ పక్కన కూర్చోబెడితే ఏమవుతుందో మీకు తెలీదా?

కొత్త బ్యాచ్ ప్రారంభోత్సవం ఫొటో చూశాను. రిబ్బన్ బాగుంది. ఆ పిల్లలకైనా ఇక్కడి అవ్వల గొంతులు రికార్డు చేసి వినిపించండి. పది గంటలు చాలు. ఐదైనా సరే. లేదంటే ఇక్కడి యాస తెలిసినవాళ్లతో ఓ వారం పాఠాలు చెప్పించండి. ఏదో ఒకటి చెయ్యండి సార్.

రాత్రి డ్యూటీలో అవ్వ ఇప్పటికీ ఏదో అంటూనే ఉంటుంది. నేను ‘హాయ్, హాయ్’ (అంటే ‘ఆఁ, ఆఁ’) అని తలూపి, ముందు మోకాలు చూసి, తర్వాత మంచినీళ్లు పడతాను.

దయచేసి ఈ ఉత్తరాన్ని సంబంధిత విభాగానికి పంపకండి.

ఇట్లు,
యమగతా నుంచి మీ పాత బ్యాచ్ కేర్‌గివర్