కోతల్లో కొత్త సాఫ్ట్‌వేర్ ఎందుకండీ?

సంపాదకులకు,

ఊళ్లలో రైతులకు అప్పులిచ్చే, ధాన్యం కొనే సహకార సొసైటీల కంప్యూటరీకరణ మీద పత్రికల్లో వార్తలు వస్తూనే ఉన్నాయి. ఎన్ని సొసైటీలు 'లైవ్'లోకి వెళ్లాయి (అంటే కంప్యూటర్‌లోనే లెక్కలు నడపడం మొదలుపెట్టాయి), ఎవరు ప్రారంభించారు, అన్నీ రాస్తున్నారు గానీ, పాత పుస్తకాలు మూసి కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మారే తేదీ ఎవరు పెడుతున్నారో మాత్రం ఎక్కడా కనబడదు. నా గోలంతా ఆ తేదీ గురించే.

ఆఫీసుల్లో ఇలాంటి సాఫ్ట్‌వేర్లు పెట్టించే పని చాలాకాలం చేసి, ఇప్పుడు పాలకొల్లు దగ్గర వ్యవసాయం చూసుకుంటున్నాను. పథకం మంచిదే. 2022 జూన్‌లో కేంద్రం 2,516 కోట్లతో 63,000 సొసైటీలకు ఒకే సాఫ్ట్‌వేర్ అని ఆమోదించినప్పుడు సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను.

కానీ అసలు పని కంప్యూటర్‌లో లేదు, పాత లెక్కల నిల్వల్లో ఉంది. ఒకే రైతు పేరు సభ్యత్వ రిజిస్టర్లో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా, పట్టాదారు పాస్‌బుక్‌లో మరోలా ఉంటుంది. తండ్రి పోయినా వాటాధనం ఆయన పేరు మీదే నడుస్తుంటుంది. కొన్నిచోట్ల సొసైటీ పుస్తకంలో బాకీ, జిల్లా సహకార బ్యాంకు పుస్తకంలో బాకీ కలవవు, దాన్నే మనవాళ్లు ఇంబ్యాలెన్స్ అంటారు, అది ఎప్పటి నుంచి మోస్తున్నారో తవ్వితే గానీ తెలియదు. ఇవన్నీ తేల్చగలిగేది ఆ పుస్తకాలు రాసిన గుమాస్తాయే, ఊరి నుంచి ఊరికి తిరిగే సాఫ్ట్‌వేర్ కుర్రాడు కాదు. ఆ గుమాస్తా నవంబర్, డిసెంబర్‌లలో ఏం చేస్తుంటాడండీ? సార్వా (ఖరీఫ్) ధాన్యం, గోనె సంచులు, లారీలు, తేమ 17 శాతం దాటిందని గొడవలు, పైన తుపాను టెన్షన్. అలాంటప్పుడు 'నెలాఖరుకి ఎంట్రీ పూర్తవ్వాలి' అని పైనుంచి ఫోన్ వస్తే మనిషన్నవాడు ఏం చేస్తాడు, కలవనిదంతా సస్పెన్స్ ఖాతాలో, అంటే ఎటూ తేలని మొత్తాలు పెట్టే పద్దులో, పడేసి టాలీ చేసేస్తాడు. రిపోర్టులో ఆ సొసైటీ పూర్తయినట్టే. అయిదేళ్ల తర్వాత తీర్చేసిన అప్పుకి నోటీసు వచ్చేది మాత్రం రైతుకి.

ఇది మన దగ్గరే జరిగేదీ కాదు. అమెరికాలో హెర్షీ అనే చాక్లెట్ కంపెనీ (మన కొబ్బరి తోటల్లో వేసే కోకోతో చేసే సరుకే) దాదాపు నాలుగేళ్లు పట్టే పనిని 30 నెలలకు కుదించి, మూడు కొత్త సాఫ్ట్‌వేర్లను 1999 జూలైలో, అంటే హాలోవీన్ పండగ ఆర్డర్లు వచ్చే వేళకి, ఒక్కసారే మొదలుపెట్టింది. గోడౌన్ల నిండా సరుకుంది, కానీ సుమారు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు దుకాణాలకు పంపలేకపోయారు. ఇక్కడ ఆదాయపు పన్ను కొత్త పోర్టల్ 2021 జూన్ 7న మొదలై మొరాయించింది, చివరికి రిటర్నుల గడువు డిసెంబర్ 31 దాకా వెళ్లింది. ప్రభుత్వం కాబట్టి గడువు పెంచుకుంది, కళ్లంలో తడిసే ధాన్యానికి ఎవరు పెంచుతారు?

డెల్టాలో కాలువ పూడిక తీయాలంటే వేసవిలో నీళ్లు కట్టేసి తీస్తారు, సార్వా నీరు పారుతుండగా ఎవరూ దిగరు. ఇదీ అంతే. ఏప్రిల్ 1న మారితే లెక్కలకి సులువు అంటారు ఆడిటర్లు, నిజమే, కానీ అది దాళ్వా (రబీ వరి) కోతల సమయం. మార్చి 31 నాటి లెక్కల నిల్వలనే తీసుకుని, దాళ్వా కొనుగోళ్లు అయ్యాక, సార్వా నాట్లు పడేలోపు నెమ్మదిగా ఎక్కించుకోవచ్చు కదా. ఆ తర్వాత ఒక పంటకాలం పుస్తకం, కంప్యూటర్ రెండూ నడపాలి. గుమాస్తాకి రెట్టింపు పని అవుతుంది కాబట్టి, కామర్స్ చదివి ఖాళీగా ఉన్న ఊరి పిల్లల్ని కొన్ని నెలలు జీతమిచ్చి పెట్టుకోవాలి, ఆ డబ్బు దగ్గర పీనాసితనం పనికిరాదు. ఇక పుస్తకం మూసేయొచ్చు అని సంతకం పెట్టాల్సింది సొసైటీ సెక్రటరీ. జిల్లా ఆఫీసూ కాదు, సాఫ్ట్‌వేర్ కంపెనీ అసలే కాదు.

మీకో మనవి. 'లైవ్' అయిన సొసైటీల సంఖ్య వేయడం మానేసి, కంప్యూటర్ నుంచి తీసిన బాకీల జాబితాని మహాజన సభలో చదివి, సభ్యులు సరే అన్న సొసైటీలు ఎన్నో కనుక్కుని వేయండి.

ఇట్లు,
ఒక సొసైటీ సభ్యుడు,
పాలకొల్లు మండలం