సముద్రం పాలైన నీళ్లు వృథా కాదు సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

మా నాన్నగారి టైమ్ నుంచి మీ పేపరే వేయించుకుంటున్నాం, ఆ చనువుతో రాస్తున్నా, ఏమనుకోవద్దు. ఏటా వరదొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లు లేపగానే మీ జిల్లా పేజీలో ఒక బాక్స్ పడుద్ది, ఇవాళ్టికి ఇన్ని టీఎంసీలు వృథాగా సముద్రం పాలు అని. మీరొక్కరే కాదులెండి, అన్ని పేపర్లూ టీవీలూ అంతే. కానీ ఆ వృథా అన్న మాట దగ్గరికొచ్చేసరికి నాకు గొంతులో చేపముల్లు దిగినట్టు ఉంటుంది.

నేను సైంటిస్టునేం కాదు. రేపల్లె వైపు రొయ్యల చెరువులోళ్లకి నీళ్లు టెస్ట్ చేసే ల్యాబ్‌లో పదకొండేళ్లు చేసి, మోకాళ్ల నొప్పులొచ్చి మానేసి ఇప్పుడు గుంటూరులో ఉంటున్నా. పొద్దున ఆరు కాకముందే రైతులు కూల్ డ్రింక్ సీసాల్లో చెరువు నీళ్లు పట్టుకుని షట్టర్ దగ్గర నిలబడి ఉండేవాళ్లు. ఒక చుక్క స్లైడ్ మీద వేసి మైక్రోస్కోప్ కింద పెడితే డయాటమ్స్ అనే ఒంటి కణం నాచు కనపడేది, అచ్చం గాజు డబ్బీలే, డబ్బీకి మూత ఉన్నట్టు వాటికీ రెండు ముక్కలు ఒకదాంట్లో ఒకటి దూరి ఉంటాయి, లోపల తేనె రంగు, కొన్ని విడివిడిగా, కొన్ని గొలుసుకట్టుగా. అవి నిండుగా ఉంటే "కలర్ బాగుంది బాబాయ్, ఫర్లేదు" అనేవాణ్ణి. అదే బ్లూ గ్రీన్ నాచు దారాలు ఎక్కువైతే నేను నోరు తెరవకముందే నా మొహం చూసి "తేడా కొట్టిందా" అని వాళ్లే అడిగేవాళ్లు.

కంటికి ఆనని ఈ మొక్కల్నే ఫైటోప్లాంక్టన్ అంటారు. సముద్రంలోనూ ఉండేవి ఈ బాపతే, భూమ్మీద జరిగే మొత్తం కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం వీటి పనే. కవళ్లు, కానాగంతలు, నిజాంపట్నం హార్బర్‌లో దిగే ఏ చేపైనా సరే, దాని తిండి సంగతి వెనక్కి లాక్కుంటూ పోతే ఇక్కడికే వచ్చి ఆగుద్ది. చెరువుకైతే మనం తవుడూ బెల్లం పులియబెట్టి చల్లుతాం, మరి సముద్రానికి చల్లేదెవరు? నదే. రాళ్లు అరిగి నీళ్లలో కరిగిన సిలికాని, అదే ఇసుకలోనూ గాజులోనూ ఉండే సరుకుని, కృష్ణ మోసుకురాకపోతే మన తీరంలో డయాటమ్స్‌కి ఆ గాజు డబ్బీ కట్టుకోవడం కష్టం. సముద్రం పాలు, సముద్రం పాలు అంటాం కదా, ఒక రకంగా అవి నిజంగా సముద్రానికి పాలే.

అలాగని గేట్లెత్తిన మర్నాడే హంసలదీవి దగ్గర సముద్రం పచ్చబడిపోద్దని కాదు. వరద నీళ్లు టీ రంగులో వస్తాయి, ఆ బురదలోకి ఎండ దిగదు, ఎండ దిగకపోతే ఎంత ఎరువున్నా మొక్క పెరగదు, పైగా పైన మబ్బు. ఒండ్రు అడుగుకి దిగి నీళ్లు తేటపడ్డాక, కాస్త లోపలికెళ్లాక అప్పుడు అందుకుంటుంది. ఇంకో తిరకాసు కూడా ఉంది. నది నీళ్లు తేలిక, ఉప్పు నీళ్లు బరువు, మజ్జిగ కదపకుండా పెడితే తేట పైన నిలిచినట్టు ఈ మంచినీళ్లు సముద్రం మీద పొరలా పరుచుకుంటాయి. బంగాళాఖాతంలో గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ అందరూ వచ్చి పడతారు కాబట్టి, మామూలుగా సముద్రం 35 పీపీటీ, అంటే వెయ్యి పాళ్ల నీళ్లకి 35 పాళ్లు ఉప్పు ఉంటే మన తీరంలో వానాకాలం వెళ్లేసరికి పైపొర 30కి కిందకి కూడా పడిపోద్ది. అడుగున ఉన్న పోషకాలు ఆ పొర దాటి పైకి రాలేవు, అరేబియా సముద్రంతో పోలిస్తే మన వైపు ఈ పచ్చదనం తక్కువ ఉండటానికి ఇదొక పెద్ద కారణం. తుఫాను వస్తే మాత్రం కవ్వం వేసి చిలికినట్టే. 1999 అక్టోబర్‌లో ఒడిశా సూపర్ సైక్లోన్ వెళ్లాక సముద్రంలో క్లోరోఫిల్, అంటే ఈ మొక్కల్లోని పచ్చరంగు పదార్థం, పెరగడం మన శాటిలైట్ చిత్రాల్లోనే కనపడింది.

ఎండాకాలం లెక్క వేరు. గాలి లేక సముద్రం చెరువులా నిలబడిపోయి, నీళ్లు కాగి, పైన నత్రజని ఐపోయినప్పుడు ట్రైకోడెస్మియం అనే ఒక రకం బ్లూ గ్రీన్ నాచు లేస్తుంది, నీళ్ల మీద రంపపు పొట్టు చల్లినట్టుంటుంది. మినుమూ కందీ వేళ్ల బుడిపెల్లో గాలి నత్రజని పట్టినట్టు దీనికీ ఆ విద్య తెలుసు, ఎవరి మీదా ఆధారపడదు.

అసలు నేను చెప్పాలనుకున్నది డ్యాముల సంగతి. ఆల్మట్టి, జూరాల, శ్రీశైలం, సాగర్, ఇలా ఒకదాని వెనక ఒకటి నీళ్లు ఆగుతుంటే ఒండ్రు అక్కడే దిగబడుద్ది, ఆ రిజర్వాయర్లలో పెరిగే డయాటమ్సే కొంత సిలికా వాడేసుకుని అడుక్కి పోతాయి. కిందకొచ్చాక డెల్టా మురుగు కాలవలు యూరియా, డీఏపీ కలిపి పంపిస్తాయి, ఊళ్ల డ్రైన్లు సరేసరి. దాంతో తూకం మారిపోద్ది. భాస్వరం ఒక పాలుంటే నత్రజని 16 పాళ్లు, డయాటమ్స్‌కైతే సిలికా కూడా ఇంచుమించు అంతే కావాలి, అది తగ్గితే గాజు పెంకు అక్కర్లేని వేరే జాతులు పైచేయి అవుతాయి, వాటిల్లో విషం చేసేవీ ఉన్నాయి. మిర్చికి యూరియా ఒక్కటే దంచితే ఏమవుద్దో గుంటూరు యార్డులో ఎవర్ని అడిగినా చెప్తారు.

వరదంటే నాకేం ముద్దు కాదు. 2024 సెప్టెంబర్ మొదట్లో బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి, అదే ఊపులో రోజంతా పారితే 98 టీఎంసీల పైమాటే, ఆ రోజుల్లోనే విజయవాడ సింగ్ నగర్‌లో మా చెల్లెలు వాళ్లు బుడమేరు నీళ్ల మధ్య డాబా మీదే మూడు రాత్రులు గడిపారు. ఇటు మా అత్తగారిది మాచర్ల దగ్గర, నీళ్ల కోసం బోర్ల మీద బోర్లు వేయించిన ఇల్లు అది, నీళ్లు నిల్వ చేసుకోవద్దంటే నన్ను గుమ్మం ఎక్కనివ్వరు. నింపుకోవాల్సినవన్నీ నింపుకోండి. మిగిలి కిందకి పోయినవాటికి కూడా అక్కడ పనుంది అంటున్నా, అంతే.

హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అని ఉంది, ఆ ఊళ్లో సముద్రం లేకపోయినా సముద్రం ఆఫీసు మాత్రం అక్కడే, వాళ్లు శాటిలైట్ నుంచి క్లోరోఫిల్, నీళ్ల వేడి చూసి చేపలు ఎటు దొరకొచ్చో మత్స్యకారులకి చెప్తుంటారు. మీ టీఎంసీల బాక్స్ పక్కనే వారానికోసారి మన తీరం క్లోరోఫిల్ మ్యాప్ కూడా వేయండి, గేట్లెత్తిన వారానికి ఎలా ఉంది, నెలకి ఎలా ఉంది అని. వీలైతే రిపోర్టర్‌ని ఒకసారి సూర్యలంకకో నిజాంపట్నానికో పంపి బోటు వాళ్లని నీళ్ల రంగు గురించి అడగమనండి, మ్యాప్‌లో లేనివి కూడా చెప్తారు. హెడ్డింగ్‌లో "వృథాగా" తీసేస్తే మ్యాప్‌కి కాస్త జాగా కూడా కలిసొస్తుంది.

ఇట్లు
మీ పాత పాఠకుడు,
బ్రాడీపేట, గుంటూరు