బల్లారట్‌లో మమ్మల్ని ఆదుకున్నవాళ్ళందరికీ

రాత్రంతా కంటి మీద కునుకు లేదు, అచ్చుతప్పులుంటే సర్దుకుపోండి. నాన్న తుంటి ఎముకకు ఆపరేషన్ అయింది. ఇందాకే కొంచెం సూప్ తాగి ఉప్పు లేదని తిట్టారు, అంటే బాగున్నట్టే. ఫోన్లు చేస్తున్న అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా.

మెల్‌బోర్న్‌కు 115 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది బల్లారట్. 1851లో ఇక్కడ బంగారం బయటపడితే దేశదేశాల నుంచి జనం ఎగబడ్డారు. ఆనాటి ఊరిని సావరిన్ హిల్ అనే చోట మళ్ళీ కట్టి చూపిస్తారు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను అందరూ బీచ్‌లకు తీసుకెళ్తారు. మా నాన్న సింగరేణిలో రిటైరైన మనిషి కదా, "బంగారం బాయి చూపియ్యి బిడ్డా" అన్నారు. అక్కడి గనిలోకి దిగాం. 1858లో దొరికిన వెల్‌కమ్ నగ్గెట్ గురించి, దాదాపు 69 కిలోల బంగారు ముద్ద, అందరూ నోరెళ్ళబెట్టి వింటుంటే ఈయన పైకప్పుకు ఊతం పెట్టిన దుంగలను తట్టి చూస్తున్నారు. "అంత లోతుల నీళ్ళెట్ల తోడిన్రట, అడుగు" అని నా చెవిలో ఒకటే పోరు.

బయటికొచ్చేసరికి తుంపర. పాతకాలం లాగే అక్కడి వీధి అంతా మట్టీ కంకరా. గుర్రబ్బండి వస్తోందని పక్కకు జరగబోయి జారి పడ్డారు.

నేను అరుస్తున్నానే తప్ప ఏం చేయాలో తోచలేదు. మాతోపాటే గనిలోకి దిగిన ఒక పెద్దావిడ, డెబ్బై దాటి ఉంటాయి, గబగబా వచ్చి ఎవరినీ ఆయన్ను లేపనివ్వలేదు. తన కోటు తీసి ఆయన మీద కప్పి, ఆ బురదలోనే చతికిలబడి ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది. అంబులెన్స్ వచ్చేదాకా కదల్లేదు. ఆవిడకు తెలుగు రాదు, ఈయనకు ఆవిడ ఇంగ్లిష్ అర్థం కాదు. నొప్పికి "అక్కా, అక్కా" అని మూలుగుతుంటే ప్రతిసారీ "యెస్ లవ్" అంటూ నుదురు నిమిరింది.

సాయంత్రం ఆస్పత్రికి వచ్చింది. చేతిలో నాన్న మంకీ క్యాప్. బురదలో పడిపోయిన దాన్ని నేను మర్చేపోయా. ఇంటికి తీసుకెళ్ళి ఉతికి, హీటర్ మీద ఆరబెట్టి, చక్కగా మడత పెట్టి తెచ్చింది. ఇంకా వెచ్చగా ఉంది. ఆపరేషన్ కాగితాల మీద సంతకం పెట్టినప్పుడు కూడా రాని ఏడుపు అప్పుడొచ్చింది, కారిడార్‌లో అందరి ముందూ. ఆవిడ ఏం మాట్లాడలేదు, వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. తర్వాత తనింటికి తీసుకెళ్ళి వేణ్ణీళ్ళు పోసుకోమంది, టోస్ట్ పెట్టింది, మళ్ళీ దింపి వెళ్ళింది. అమ్మా, మీరు ఇది చదవలేరు. అయినా మీకే రాస్తున్నా.

మా ఆయన, తమ్ముడు, వదిన అన్నీ చూసుకున్నారు, వాళ్ళ గురించి వేరే చెప్పేదేముంది.

చెప్పాల్సింది ఇన్సూరెన్స్ వాళ్ళ గురించే. విజిటర్ వీసా మీద వచ్చిన మన పెద్దవాళ్ళకు ఇక్కడి ప్రభుత్వ వైద్య పథకం మెడికేర్ ఉండదు, అందుకే అంతంత ప్రీమియం కట్టి పాలసీ తీసుకుంటాం. తీరా అవసరం పడ్డాక ఫోన్‌లో పాట వినిపిస్తూ కూర్చోబెట్టారు. షుగర్ ఉంది కాబట్టి కొత్తగూడెం డాక్టర్ రాసిన పాత కాగితాలన్నీ పంపాలట. కాలు జారడానికీ షుగర్‌కీ సంబంధమేంటో ఎవరూ చెప్పరు. అంబులెన్స్ బిల్లు సంగతి ఇంకా తేలలేదు. బంగారం దొరికినా దొరక్కపోయినా లైసెన్సు ఫీజు కట్టాల్సిందే అన్నందుకు 1854లో ఈ ఊళ్ళోనే తవ్వకాలవాళ్ళు తిరగబడ్డారు. యురేకా స్టాకేడ్ అంటారు. వాళ్ళ కడుపుమంట నాకు నిన్న రాత్రి బాగా అర్థమైంది. పెద్దవాళ్ళను పిలిపించుకునేవాళ్ళు దయచేసి పాలసీలో చిన్న అక్షరాలు చదవండి, పాత రిపోర్టులు ఫోన్‌లో పెట్టుకోండి.

అయ్యో, ఎర్రకోటు సిపాయి వేషంలో ఉన్న కుర్రాడిని మర్చిపోయా, దుప్పటి పట్టుకుని పరిగెత్తుకొచ్చింది అతనే. అంబులెన్స్ అమ్మాయిలిద్దరికీ థాంక్స్. నైట్ డ్యూటీ మలయాళీ నర్సుకు కూడా, నాన్నకు మందులు ఎప్పుడెప్పుడో బోర్డు మీద బొమ్మలేసి చెప్పింది. మెల్‌బోర్న్ నుంచి పెరుగన్నం, మామిడికాయ పచ్చడి మోసుకొచ్చిన పక్కింటి వాళ్ళకు... డబ్బాలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి, కడిగి ఇస్తా. ఫిజియో వాళ్ళు వచ్చినట్టున్నారు, నాన్న పిలుస్తున్నారు. ఇంకెవరినైనా మర్చిపోతే తర్వాత రాస్తా.