ప్రయోగాలకు పొదుగు గుడ్లు ఇప్పించండి

సంపాదకులు గారికి,

మందుల పరీక్షల్లో జంతువుల వాడకం తగ్గించే వీలు కల్పిస్తూ కేంద్రం 2023లో కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలను సవరించింది. అప్పటినుంచి ఏ సెమినార్‌కి వెళ్లినా ఆర్గాన్ చిప్‌లు (మనిషి కణాలతో అవయవంలా పనిచేసే చిన్న పరికరాలు), త్రీడీ బయోప్రింటింగ్ (జీవకణాలను పొరలుగా పేర్చి కణజాలం ముద్రించడం) గురించే ఉపన్యాసాలు. వినడానికి బాగానే ఉంటాయి. మా ల్యాబ్‌లో మైక్రోస్కోప్ బల్బు మాడిపోతే కొత్తది రావడానికే నెల పడుతుంది, ఇక చిప్‌లు ఎక్కడినుంచి వస్తాయి? జిల్లాల్లోని ఫార్మసీ కాలేజీలు ఇవాళే చేయగలిగింది ఒకటుంది. పొదుగుతున్న కోడిగుడ్డు మీద మందును పరీక్షించడం. ఇన్ని హేచరీలున్న గోదావరి జిల్లాల్లో ఉంటూ దాన్ని వదిలేయడం చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది.

పొదగేసిన వారం పది రోజులకి పెంకు లోపలివైపు ఒక పలుచటి పొర పరుచుకుంటుంది. దాన్నిండా సన్నటి రక్తనాళాలే. పెంకులోని సూక్ష్మరంధ్రాల గుండా పిండానికి ప్రాణవాయువు అందించేది ఆ పొరే, పెంకు నుంచి కాల్షియం తెచ్చిపెట్టేదీ అదే. దాని పేరు కోరియోఅల్లాంటోయిక్ మెంబ్రేన్, పరిశోధకులు క్లుప్తంగా ‘క్యామ్’ అంటారు. పొరలో నొప్పి తెలిసే నరాలు లేవు. పిండానికి రోగనిరోధక శక్తి ఇంకా కుదురుకోదు కాబట్టి మనిషి క్యాన్సర్ కణాలను తెచ్చి పెట్టినా తిప్పికొట్టదు. కొద్ది రోజుల్లోనే చుట్టుపక్కల రక్తనాళాలు ఆ కణితి వైపు తిరుగుతాయి. మందు పనిచేస్తోందా లేదా అన్నది ఆ నాళాలను చూస్తే తెలుస్తుంది.

ఇదేమీ కొత్త వింత కాదు. అమెరికా శాస్త్రవేత్తలు పేటన్ రౌస్, జేమ్స్ మర్ఫీ 1911లోనే కోడి కణితిని గుడ్డులోని పిండపు పొరల మీద పెంచి చూపించారు. 1931లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో గుడ్‌పాశ్చర్, ఆలిస్ వుడ్‌రఫ్ కోళ్లకొచ్చే మశూచి వైరస్‌ను ఈ పొర మీదే పెంచారు. గుడ్లలో టీకాలు తయారుచేయడానికి బాట పడింది అక్కడే. ఫ్లూ టీకాల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ గుడ్లలో తయారవుతున్నవే. 1980ల్లో జర్మనీలో, కుందేలు కంట్లో రసాయనం వేసి మంట చూసే పరీక్షకు బదులుగా ఈ పొర మీద చుక్కవేసి ఐదు నిమిషాలు గమనించే పద్ధతి తయారుచేశారు. నెత్తురు చిమ్మిందా, నాళాలు కరిగాయా, గడ్డకట్టిందా అని చూస్తారు. కుందేలు కళ్లు ఎర్రబడి నీరు కారుతుంటే రికార్డు బుక్కులో మార్కులు వేసినవాళ్లం మా తరంలో చాలామందే ఉన్నాం.

చేయడానికి పెద్ద సామగ్రి అక్కర్లేదు. 37.5 డిగ్రీలు నిలబెట్టే ఇంక్యుబేటర్, పక్కన నీళ్ల ట్రే, చీకటి గదిలో టార్చిలైటు. మూడో రోజు సిరంజితో రెండు మూడు మిల్లీలీటర్ల తెల్లసొన తీసేస్తే లోపలిది కిందికి దిగుతుంది. అప్పుడు పైపెంకులో చిన్న కిటికీ కోసి టేపు అంటించాలి. ఇక్కడే కుర్రాళ్లు తొందరపడతారు. పెంకు పొడి ఒక్క రవ్వ పొర మీద పడినా అక్కడ వాపు వచ్చి నాళాలు పెరుగుతాయి. అది మందు ప్రభావమనుకుని రాసుకుంటే ప్రాజెక్టు మొత్తం తప్పే. అందుకే మందు వేయని గుడ్లు కూడా పక్కన పెట్టుకుని పోల్చి చూడమని వెంటపడి చెబుతుంటాను.

అసలు చిక్కు గుడ్ల దగ్గరే. దుకాణంలో గుడ్డు పనికిరాదు. పుంజు లేకుండా ఫారం పెట్టలు పెట్టిందది, పొదగేస్తే కుళ్లుతుంది అంతే. హేచరీకి వెళితే వాళ్ల లెక్కంతా వేలల్లో. నాలుగు ట్రేలు అడిగితే మొహం అదోలా పెడతారు. ఇచ్చినా అవి ఏ రోజు పెట్టినవో చెప్పరు. బస్సులో తెచ్చేసరికి సగం కదిలిపోతాయి. రాత్రి కరెంటు పోయి ఇన్వర్టర్ ఆగిందంటే పొద్దున్నకి బ్యాచంతా పోయినట్టే.

రెండో చిక్కు అనుమతి. జంతువుల మీద ప్రయోగాలకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ ఒక కాలేజీలో ‘గుడ్డే కదా, పర్మిషన్ దేనికి’ అంటుంది. పక్క ఊరి కమిటీ ‘పిల్లే కదా, ఎలుకకి నింపిన ఫారమే నింపండి’ అంటుంది. బ్రిటన్ చట్టం పొదిగే కాలంలో చివరి మూడోవంతుకు, అంటే 14వ రోజు నుంచి రక్షణ ఇస్తుంది. అమెరికాలో ప్రభుత్వ నిధులతో జరిగే పరిశోధన నిబంధనలు పిల్ల బయటికొచ్చాకే వర్తిస్తాయి. నన్నడిగితే బ్రిటన్ పద్ధతే మేలు. పొరకు నొప్పి తెలియదన్నది నిజమే గానీ, రోజులు గడిచేకొద్దీ లోపలున్న పిల్ల సంగతి వేరు. ఫలానా రోజు దాటకూడదు, ప్రయోగం అయ్యాక పిండాన్ని ఫలానా విధంగా చంపాలి అని తెలుగులో, ఇంగ్లిష్‌లో ఒక పేజీ సర్క్యులర్ ఇస్తే ఈ గొడవే ఉండదు.

ఎలుకలు, కుందేళ్లు ఇక అక్కర్లేదని నేను అనను. 21 రోజులకి పిల్ల బయటికొచ్చేస్తుంది. నెలల తరబడి మింగాల్సిన మందు కాలేయాన్ని ఏం చేస్తుందో గుడ్డు చెప్పలేదు. కానీ పది మందుల్లో పనికిరానివాటిని ముందే ఏరేసి, మిగిలిన రెండు మూడింటినే ఎలుకల దాకా తీసుకెళ్లడానికి ఇది చాలు.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో కేంద్రప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ పశువైద్య విశ్వవిద్యాలయాలున్నాయి. వాళ్ల ఫారాల నుంచి, పెట్టిన తేదీ రాసి ఉన్న పొదుగు గుడ్లను నెలకోసారి కాలేజీలకు మామూలు ధరకి ఇప్పించే ఏర్పాటు చేయాలని పశుసంవర్ధక శాఖలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. వేసవిలో గుడ్లు పాడవుతాయి కాబట్టి జూలై నుంచి ఫిబ్రవరి వరకు ఇచ్చినా మాకు సరిపోతుంది.

— ఒక ఫార్మకాలజీ అధ్యాపకురాలు,
తూర్పు గోదావరి జిల్లా